పెంపుడు టరాంటులాకు సురక్షితమైన ఆవాసం: గుత్తి నీలి సాలీడు ఉదాహరణ

సారాంశం

టరాంటులాలని పిలిచే పెద్ద సాలీళ్ళను అనేక దేశాలలో ఇళ్ళలో పెంచుతున్నారు. జంతు ప్రదర్శనశాలలు, కొన్ని విద్యాసంస్థలు కూడా వీటిని పోషిస్తున్నాయి. సాలీడు తప్పించుకోకుండా మూత గట్టిగా ఉంటే ఆవాసం సురక్షితమైనట్లేనన్న అభిప్రాయం చాలామందిలో ఉన్నది. అయితే ఎత్తు నుండి పడటం, దేహంలోని నీరు ఎండిపోవడం, గాలి ఆడని తేమ, అధిక ఉష్ణం, కుబుసం విడిచే వేళ ఆహారపు కీటకం చేసే గాయం, పురుగుమందుల అవశేషాలు పెట్టెలోని సాలీడుకు ప్రధాన ప్రమాదాలు. ఇవన్నీ ఆవాస నిర్మాణంతోను, నిర్వహణతోను ముడిపడినవే. ఆంధ్రప్రదేశ్‌లోని తూర్పు కనుమలకు మాత్రమే పరిమితమైన గుత్తి నీలి సాలీడును ఉదాహరణగా తీసుకొని, సాలీడు సహజ జీవనాన్ని బట్టి పెట్టె పరిమాణాన్ని, గాలిని, అడుగు పొరను, తేమను, ఉష్ణోగ్రతను ఎలా నిర్ణయించాలో ఈ వ్యాసం వివరిస్తుంది. ఈ జాతి పరిరక్షణకు, చట్టానికి సంబంధించిన ముఖ్యాంశాలు కూడా ఇందులో చేర్చబడినవి.

ఉపోద్ఘాతం

టరాంటులా అనే పేరు ఇటలీలోని టరాంటో నగరం నుండి వచ్చింది. మొదట ఆ పేరు అక్కడి ఒక తోడేలు సాలీడుకు చెల్లేది. తరువాతి కాలంలో థెరాఫోసిడే కుటుంబానికి చెందిన, ఒంటినిండా నూగు ఉన్న పెద్ద సాలీళ్ళకు అది స్థిరపడింది. ఈ కుటుంబంలో ఇప్పటికి వెయ్యికి పైగా జాతులు గుర్తించబడినవి. ఇవి సాలెగూడు అల్లి ఈగల కొరకు వేచి ఉండవు. కలుగులోనో, చెట్టు తొర్రలోనో దాగి, దగ్గరకు వచ్చిన కీటకంపై ఒక్క ఉదుటున పడి పట్టుకుంటాయి.

వరి, పత్తి చేలలో దోమలను, పచ్చపురుగులను తినే చిన్న సాలీళ్ళు మిత్ర జీవులుగా రైతులకు పరిచితమే. టరాంటులాలు వాటి దూరపు బంధువులు. జీవితకాలంలో మాత్రం రెంటికీ పోలిక లేదు. చేలలోని సాలీళ్ళలో అనేకం ఏడాదిలోపే జీవితాన్ని ముగిస్తాయి. మెక్సికో ఎర్రమోకాలి సాలీడు వంటి కొన్ని టరాంటులా జాతులలో ఆడవి ఇరవై ఏళ్ళకు పైగా బ్రతుకుతాయి. మగవి యుక్తవయస్సుకు వచ్చిన కొద్ది కాలానికే చనిపోతాయి. కాబట్టి ఆడ సాలీడుకు నిర్మించే పెట్టె అనేక సంవత్సరాలు దానికి ఇల్లుగా ఉండవలసినది. మొదట చేసిన చిన్న లోపం కూడా ఆ కాలమంతా దానిని వెంటాడుతుంది.

గుత్తి నీలి సాలీడు

ఈ సాలీడు శాస్త్రీయ నామం పోసిలోథీరియా మెటాలికా. బ్రిటిష్ శాస్త్రవేత్త ఆర్. ఐ. పోకాక్ దీనిని 1899లో వర్ణించాడు. ఆయనకు అందిన నమూనా గుత్తి రైల్వే కలప నిల్వలో దొరికినది. అందువలన ఊరి పేరే సాలీడుకు స్థిరపడింది. ఆ తరువాత శతాబ్ద కాలం పాటు దీని జాడ శాస్త్రలోకానికి తెలియలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు పట్టణాల మధ్య ఉన్న అడవిలో ఇది మరల కనుగొనబడింది. ఈ ప్రదేశం గుత్తికి దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నది. తొలి నమూనా అడవి నుండి కలపతో పాటు రైలులో గుత్తికి చేరి ఉండవచ్చునని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

ఎదిగిన సాలీడు కాళ్ళు చాపితే పదిహేను నుండి ఇరవై సెంటీమీటర్ల వరకు ఉంటుంది. లోహపు మెరుపు గల నీలి రంగు, కాళ్ళపై పసుపు మచ్చలు, వీపుపై తెల్లని ఆకు వంటి చిత్రణ దీని గుర్తులు. ఈ నీలి రంగు వర్ణద్రవ్యం వలన ఏర్పడదు. వెంట్రుకలలోని అతి సూక్ష్మ నిర్మాణాలు కాంతిని పరావర్తనం చేసే తీరు వలన కలుగుతుంది. ఇది పెద్ద చెట్ల తొర్రలలోను, వదులైన బెరడు క్రిందను నివసిస్తుంది. పగలు దాగి, రాత్రివేళ తొర్ర ముఖద్వారం వద్దకు వచ్చి వేటాడుతుంది. అలికిడి అయితే క్షణంలో లోపలికి జారుకుంటుంది. వెలుతురును, బహిరంగ ప్రదేశాన్ని ఇది ఇష్టపడదు.

అందమైన రంగు కారణంగా ఐరోపా, అమెరికా దేశాలలోని పెంపకందారులకు ఇది మిక్కిలి ప్రియమైన జాతి అయినది. వారి వద్ద అనేక తరాలు పెట్టెలలోనే పుట్టి పెరిగినవి. సహజ ఆవాసం మాత్రం వంద చదరపు కిలోమీటర్ల కంటె తక్కువ విస్తీర్ణానికి పరిమితమై, వంట చెరకు కొరకు చెట్ల నరికివేత వలన క్షీణిస్తున్నది. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య దీనిని తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది.

దేహ నిర్మాణం, దానిని బట్టి తలెత్తే ప్రమాదాలు

ఆవాసంలో ఏది ప్రమాదకరమో తెలియాలంటే సాలీడు దేహ నిర్మాణం తెలియాలి. ఇందులో ఐదు అంశాలు ముఖ్యమైనవి.

మొదటిది ఉదరం. శిరోవక్షం గట్టి చిప్పతో కప్పబడి ఉంటుంది. ఉదరం మాత్రం పలుచని చర్మపు సంచి వంటిది. గుండె, పట్టు గ్రంథులు, అండాశయాలు అందులోనే ఉంటాయి. బరువైన సాలీడు రెండు అడుగుల ఎత్తు నుండి గట్టి వస్తువుపై పడితే ఉదరం చిట్లి, రక్తద్రవం కారిపోయి మరణిస్తుంది. అతిగా మేపిన సాలీడు ఉదరం మరింత బిగుతుగా ఉండటం వలన ఈ ప్రమాదం పెరుగుతుంది.

రెండవది కాళ్ళు కదిలే విధానం. సాలీడు కాళ్ళలో ముడుచుకునేందుకు కండరాలున్నాయి. ముఖ్యమైన కీళ్ళను చాపేందుకు అది రక్తద్రవ పీడనంపై ఆధారపడుతుంది. దేహంలో నీరు తగ్గితే పీడనం పడిపోయి కాళ్ళు దేహం క్రిందికి ముడుచుకుపోతాయి. ఈ స్థితిలో సాలీడు నీటి గిన్నె వరకు కూడా నడవలేదు. సకాలంలో గుర్తించి నోటి వద్దకు నీరు చేర్చినచో కొన్నిసార్లు కోలుకుంటుంది.

మూడవది శ్వాసావయవాలు. ఉదరం అడుగు భాగాన రెండు జతల పుస్తకాకార ఊపిరితిత్తులుంటాయి. వీటి పలుచని పొరలకు కొంత తేమ అవసరం. అదే సమయంలో గాలి కదలిక కూడా ఉండాలి. గాలి ఆడని తడి పెట్టెలో బూజు, బాక్టీరియా పెరిగి సాలీడు నీరసిస్తుంది.

నాలుగవది పాదాలు. ప్రతి పాదం కొసన రెండు చిన్న గోళ్ళు, వాటి క్రింద దట్టమైన సన్నని వెంట్రుకల దిండు ఉంటాయి. ఈ వెంట్రుకల సాయంతోనే సాలీడు నున్నని గాజుపై కూడా ఎక్కగలదు. సన్నని ఇనుప జాలి గల మూతపై నడిచినప్పుడు గోళ్ళు జాలి కన్నులలో చిక్కుకుంటాయి. పెనుగులాటలో కాలు ఊడిపోవడమో, వ్రేలాడి క్రిందపడటమో జరుగుతుంది.

ఐదవది కుబుసం. సాలీడు ఎదగడానికి బాహ్య కవచాన్ని విడిచి కొత్త కవచం ధరిస్తుంది. సాధారణంగా వెల్లకిలా పడుకొని ఈ పని చేస్తుంది. అది చనిపోయినదని భ్రమపడి పెంపకందారుడు కదిలించడం, తీసి పారవేయడం తరచుగా జరిగే పొరపాటు. చనిపోయిన సాలీడు సాధారణంగా కాళ్ళను దేహం క్రిందికి ముడుచుకొని ఉంటుంది గాని వెల్లకిలా పడుకొని ఉండదు. కుబుసం విడిచిన తరువాత కవచం, కోరలు గట్టిపడేందుకు కొన్ని రోజులు పడుతుంది. ఆ కాలంలో అది మిక్కిలి నిస్సహాయ స్థితిలో ఉంటుంది.

జీవన విధానాన్ని బట్టి పెట్టె ఆకృతి

టరాంటులాలను నేలపై తిరిగేవి, లోతైన కలుగులలో ఉండేవి, చెట్లపై ఉండేవి అని మూడు వర్గాలుగా విభజించవచ్చు. పెట్టె ఆకృతి ఈ వర్గాన్ని బట్టి మారుతుంది. ఒకదానికి మేలు చేసిన పెట్టె మరొకదానికి ప్రాణాంతకం కావచ్చు. పరిమాణాల లెక్కకు సాలీడు కాళ్ళ చాపును కొలమానంగా తీసుకుంటారు. ఒక ముందు కాలి కొస నుండి ఎదురుమూలన ఉన్న వెనుక కాలి కొస వరకు గల దూరమే కాళ్ళ చాపు.

నేలపై తిరిగే మెక్సికో ఎర్రమోకాలి సాలీడు వంటి వాటికి పెట్టె వెడల్పుగాను, ఎత్తు తక్కువగాను ఉండాలి. పొడవు కాళ్ళ చాపుకు రెండున్నర నుండి మూడు రెట్లు సరిపోతుంది. అడుగు పొర పైభాగం నుండి మూత వరకు ఉండే దూరం కాళ్ళ చాపుకు ఒకటిన్నర రెట్లు మించరాదు. చేపల తొట్టి వంటి ఎత్తైన పెట్టె మాత్రమే లభించినచో, అడుగున ఎక్కువ మాధ్యమం నింపి ఆ దూరాన్ని తగ్గించాలి. కలుగులలో ఉండే వాటికి కాళ్ళ చాపుకు రెట్టింపు లోతున, త్రవ్వినా కూలని మాధ్యమం కావాలి.

గుత్తి నీలి సాలీడు చెట్టుపై ఉండేది కనుక దాని పెట్టె నిలువుగా ఉండాలి. ఎదిగిన సాలీడుకు ముప్ఫై సెంటీమీటర్ల పొడవు, ముప్ఫై సెంటీమీటర్ల వెడల్పు, నలభై ఐదు సెంటీమీటర్ల ఎత్తు గల గాజు లేదా యాక్రిలిక్ పెట్టె సరిపోతుంది. అంతకంటె పెద్ద పెట్టె వలన సాలీడుకు లాభం లేదు. ఆహారం వెదకుట కష్టమవుతుంది, దానిని గమనించడం కూడా కష్టమవుతుంది. తలుపు ముందు వైపు ఉండటం మేలు. చెట్టు సాలీళ్ళు పెట్టె పై భాగంలో పట్టు అల్లుకొని అక్కడే కూర్చుంటాయి. పై మూత తెరిచిన ప్రతిసారీ ఆ పట్టు చినిగిపోతుంది, సాలీడు నేరుగా చేతి వద్దకు వచ్చే అవకాశమూ ఉన్నది.

దాగుచోటు

చెట్టు సాలీడు పెట్టెలో అత్యంత ముఖ్యమైన వస్తువు దాగుచోటు. అడవిలో తొర్ర ఇచ్చే చీకటిని, ఇరుకును, గట్టిదనాన్ని పెట్టెలో ఒక బెరడు గొట్టం ఇవ్వాలి. సాలీడు లోపల తిరగగలిగినంత వ్యాసం, పెట్టె ఎత్తులో మూడింట రెండు వంతుల పొడవు గల కార్కు బెరడు గొట్టాన్ని నిలువుగా గాని, కొద్దిగా ఏటవాలుగా గాని అమర్చాలి. దాని అడుగు భాగాన్ని మాధ్యమంలో బాగా పాతి, పై భాగాన్ని గోడకు ఆనించాలి. సాలీడు క్రింద త్రవ్వినా బెరడు ఒరిగిపోరాదు. బరువైన రాళ్ళు, పింగాణీ బొమ్మలు, ముళ్ళ మొక్కలు పెట్టెలో ఉంచరాదు. అవి మీద పడినా, సాలీడు వాటిపై పడినా గాయమే.

బెరడు వెనుకకు దారి ఇచ్చేట్లు కొన్ని ఎండుటాకులో, కృత్రిమ ఆకులో ముఖద్వారం చుట్టూ ఉంచినచో సాలీడు త్వరగా స్థిరపడుతుంది. దాగుచోటు లేని పెట్టెలో సాలీడు నిరంతరం గోడల వెంట తిరుగుతుంది, ఆహారం తీసుకోదు, తలుపు తెరిచిన క్షణంలో బయటకు దూకుతుంది. తనకంటూ స్థిరమైన చోటున్న సాలీడు అదే సందర్భంలో లోపలికి పారిపోతుంది. కనుక మంచి దాగుచోటు పెంపకందారుని భద్రతకు కూడా మొదటి రక్షణ.

నేలపై తిరిగే జాతులకు అడ్డంగా సగం పాతిన బెరడు ముక్కగాని, సగం కొబ్బరి చిప్పగాని, అంచు నునుపు చేసిన సగం మట్టి కుండ గాని సరిపోతుంది.

అడుగు పొర

అడుగు పొర మూడు పనులు చేస్తుంది. తేమను నిలిపి మెల్లగా విడుస్తుంది, పడిన సాలీడుకు మెత్తని ఆధారమవుతుంది, త్రవ్వే అలవాటు గల జాతులకు గూడు కట్టుకునే పదార్థమవుతుంది. ఈ మూడింటికీ కొబ్బరి పొట్టు చక్కగా పనికివస్తుంది. నర్సరీల ప్రోట్రేలలో వాడే పొట్టు ఇదే. కొబ్బరి పొట్టులో లవణాలు అధికంగా ఉండే అవకాశమున్నందున, మంచి నీటిలో రెండు మూడు సార్లు నానబెట్టి, పిండి, నీడన ఆరబెట్టి వాడాలి. ఎరువులు కలిపిన నర్సరీ మిశ్రమాలు పనికిరావు.

తేమ సరిపోయినదో లేదో తెలుసుకునేందుకు గుప్పెడు పొట్టును పిడికిట పట్టి పిసకాలి. నీరు కారకుండా ముద్ద కట్టి, వ్రేలితో తాకగానే విడిపోతే అది సరియైన తేమ. చెట్టు సాలీడుకు ఎనిమిది నుండి పది సెంటీమీటర్ల మందాన పొర వేసి, చేతితో తేలికగా అదిమితే చాలు. కలుగులు త్రవ్వే జాతులకు పొట్టులో కొంత మట్టి కలిపి గట్టిగా అదమాలి. లేకున్న కలుగు కూలిపోతుంది.

ఇసుక, కంకర, గులకరాళ్ళు వాడరాదు. వాటిపై పడితే ఉదరం చిట్లుతుంది, అవి తేమను కూడా నిలపవు. పైన్, దేవదారు వంటి చెక్కల పొట్టులో ఉండే సుగంధ తైలాలు సాలీళ్ళకు హాని చేస్తాయి. పొలం మట్టిని వాడటంలోని ప్రమాదం వేరొక శీర్షిక క్రింద వివరించబడినది.

గాలి, తేమ, నీరు

గాలి ప్రసరణకు ఎదురెదురు గోడలలో రంధ్రాలుండాలి. ఒక వైపు క్రింది భాగాన, ఎదుటి వైపు పై భాగాన రంధ్రాలున్నచో గాలి పెట్టె గుండా అడ్డంగా సాగుతుంది. ప్రతి రంధ్రం సాలీడు శిరోవక్షపు చిప్ప కంటె చిన్నదిగా ఉండాలి. ఉదరం మెత్తగా ముడుచుకోగలదు కనుక చిప్ప దూరగల రంధ్రం గుండా సాలీడు మొత్తంగా బయటపడగలదు. ఇనుప జాలి మూతకు బదులు రంధ్రాలు చేసిన యాక్రిలిక్ పలకను బిగించడం ఉత్తమం. మెత్తని ప్లాస్టిక్ జాలిని సాలీళ్ళు కోరలతో కొరికివేయగలవు.

తేమ కొరకు పెట్టె అంతా రోజూ పిచికారీ చేయడం తప్పుడు పద్ధతి. పైన చల్లిన నీరు కొద్దిసేపటిలో ఆవిరైపోతుంది, గోడలు తడిసి బూజు పట్టుతుంది, సాలీడు ఉలిక్కిపడుతుంది. అడుగు పొరలో సగ భాగంపై వారానికి ఒకసారి నీరు పోసి, మిగిలిన సగం పొడిగా ఉంచడం మంచి పద్ధతి. తడి, పొడి రెండూ లభించినప్పుడు తనకు తగిన చోటును సాలీడు తానే ఎంచుకుంటుంది. దాని నడవడిక తేమకొలత యంత్రం కంటె నమ్మదగిన సూచన. ఎల్లప్పుడు నీటి గిన్నెపైనే కూర్చుంటున్నచో పెట్టె పొడిగా ఉన్నదని, అడుగు పొరను పూర్తిగా విడిచి గోడలపైనే ఉంటున్నచో అడుగు మిక్కిలి తడిగా ఉన్నదని గ్రహించవచ్చు. ఈ రెండవ సూచన నేల సాలీళ్ళకు వర్తిస్తుంది.

నీటి గిన్నె తప్పనిసరి. లోతు తక్కువ గల గిన్నెలో శుభ్రమైన నీరు ఎల్లప్పుడు ఉండాలి. సాలీడు మునిగిపోతుందన్న భయంతో గిన్నెలో స్పాంజి ఉంచే అలవాటు మంచిది కాదు. ఒంటి మీది నూగు నీటిని అంటనివ్వదు కనుక ఎదిగిన టరాంటులా సులభంగా మునగదు. స్పాంజి మాత్రం బాక్టీరియాకు నిలయమవుతుంది.

ఉష్ణోగ్రత

ఇరవై రెండు నుండి ఇరవై ఎనిమిది డిగ్రీల సెల్సియస్ వరకు గుత్తి నీలి సాలీడుకు అనుకూలం. చలి దేశాలలోని పెంపకందారులు గదినే వెచ్చగా ఉంచుతారు. పెట్టె అడుగున వేడి పలక అమర్చడం హానికరం. ప్రకృతిలో వేడి పైనుండి వస్తుంది, చల్లదనం లోతున ఉంటుంది. వేడి తప్పించుకునేందుకు క్రిందికి పోయే సాలీడు, అడుగున వేడి పలక ఉన్నచో మరింత వేడికి గురి అవుతుంది. దీపపు వేడి కూడా సాలీడును ఎండగట్టుతుంది.

ఉష్ణ దేశాలలో సమస్య ఇందుకు భిన్నమైనది. వేసవిలో నలభై డిగ్రీలు దాటినప్పుడు అడవిలోని సాలీడు తొర్ర లోతున, మందపాటి చెక్క నడుమ చల్లగా ఉండగలదు. గాజు పెట్టెకు ఆ రక్షణ లేదు. కిటికీ గుండా నేరుగా ఎండ పడే చోట పెట్టె పాలీహౌస్ వలె వేడిని బంధిస్తుంది, కొద్ది సమయంలోనే లోపలి ప్రాణి మరణిస్తుంది. నేరుగా ఎండ తగలని, నేలకు దగ్గరగా ఉన్న అరపై పెట్టెను ఉంచాలి. మూసిన వాహనంలో సాలీడును వదలరాదు.

ఆహారం, కుబుసం

పెంపకంలోని కీచురాళ్ళు, బొద్దింకలు, మీల్‌వర్మ్ లార్వాలు సాధారణ ఆహారం. కీటకం సాలీడు ఉదరం కంటె పెద్దదిగా ఉండరాదు. ఎదిగిన సాలీడుకు వారం, పది రోజులకు ఒకసారి ఒకటి రెండు కీటకాలు చాలు. ఉదరం శిరోవక్షపు చిప్ప కంటె బాగా పెద్దదిగా కనిపిస్తే ఆహారం తగ్గించాలి.

తినని కీటకాన్ని ఇరవై నాలుగు గంటలలోపు తొలగించడం మరువరాని నియమం. కుబుసం విడుస్తూ కదలలేని సాలీడును ఆకలిగొన్న ఒక కీచురాయి కొరికి చంపగలదు. సాలీడు కొన్ని వారాలుగా ఆహారం ముట్టకపోవడం, దాగుచోటు ముఖద్వారాన్ని పట్టుతో మూసివేయడం, రంగు మసకబారడం కుబుసానికి ముందు కనిపించే సూచనలు. అప్పటి నుండి కీటకాలను వేయరాదు, పెట్టెను కదిలించరాదు, నీటి గిన్నె మాత్రం నింపి ఉంచాలి. కుబుసం తరువాత తెల్లగా ఉండే కోరలు క్రమంగా ఎర్రబారి, నల్లబడతాయి. పూర్తిగా నల్లబడిన తరువాతనే ఆహారం ఇవ్వాలి. పెద్ద సాలీళ్ళలో ఇందుకు వారం నుండి రెండు వారాలు పడుతుంది.

సాలీడు పిల్లలకు పెద్ద పెట్టె తగదు. పలుచని చర్మం వలన అవి త్వరగా ఎండిపోతాయి. సూది రంధ్రాలు చేసిన చిన్న డబ్బాలో కొద్దిగా తేమ గల కొబ్బరి పొట్టు, ఒక బెరడు ముక్క ఉంచి పెంచాలి. పెరిగే కొద్దీ డబ్బాను మార్చాలి. ఒకదానిని మరొకటి తినే అవకాశమున్నందున ఒక్కొక్క దానిని విడిగా ఉంచడమే క్షేమం.

పురుగుమందుల వలన ప్రమాదం

ఈ ప్రమాదం కంటికి కనిపించదు. కీటకాల నాడీమండలంపై పనిచేసే సింథటిక్ పైరిత్రాయిడ్లు, ఫిప్రోనిల్, ఆర్గానోఫాస్ఫేట్ మందులు సాలీళ్ళను కూడా చంపుతాయి. పైరుపై పిచికారీ చేసిన మందు మిత్ర పురుగులను, సాలీళ్ళను తుడిచిపెట్టడం వ్యవసాయ శాస్త్రంలో చిరకాలంగా తెలిసిన విషయమే. ఇంటిలోని పెట్టెకు కూడా అదే సూత్రం వర్తిస్తుంది.

దోమల కాయిల్సు, విద్యుత్తుతో పనిచేసే దోమల ద్రావణాలు, బొద్దింకల స్ప్రేలు, చీమల సుద్ద చాలావరకు పైరిత్రాయిడ్ మందులతో తయారైనవే. పెట్టె ఉన్న గదిలో వీటిని వాడరాదు. దోమలకు కిటికీ జాలి, దోమతెర వాడుకోవాలి. చీమలు రాకుండా బల్ల కాళ్ళను నీటి గిన్నెలలో ఉంచడం కీటక పెంపక శాలలలో అనుసరించే సులభమైన పద్ధతి. కుక్కలకు గోమార్ల మందు పూసిన చేతులతో పెట్టెను తాకరాదు.

పొలం మట్టి, చేను గట్టున పట్టిన మిడతలు, మార్కెట్టులో కొన్న కూరగాయల తొక్కలు తిన్న కీచురాళ్ళు మందు అవశేషాలను పెట్టెలోకి తేగలవు. ఆహారపు కీటకాలను పెంపకం నుండే తీసుకోవాలి. వాటికిచ్చే కూరగాయలు మందు తగలనివై ఉండాలి. తూలిపోవడం, కాళ్ళు వణకడం, గింగిరాలు తిరగడం నాడీమండలంపై విష ప్రభావానికి గుర్తులు కావచ్చు. వెంటనే శుభ్రమైన పెట్టెకు, కొత్త అడుగు పొరకు మార్చి, నీరు అందుబాటులో ఉంచడం తప్ప దీనికి చికిత్స లేదు.

నల్లులు, బూజు, నులిపురుగులు

తినగా మిగిలిన కీటక శకలాలపై బూజు, నల్లులు పెరుగుతాయి. వాటిని చిన్న పటకారుతో వారానికి ఒకసారి తీసివేయాలి. స్ప్రింగ్‌టెయిల్ అనే సూక్ష్మ జీవులను తేమ గల అడుగు పొరలో వదిలినచో అవి బూజును తిని పొరను శుభ్రంగా ఉంచుతాయి. మొక్కల వేర్లను ఆశించే నులిపురుగులు రైతులకు తెలిసినవే. సాలీడు నోటిని ఆశించే నులిపురుగులు కూడా ఉన్నాయి. టరాంటులాలను చంపే అటువంటి ఒక నులిపురుగు జాతిని 2022లో అమెరికా శాస్త్రవేత్తలు వర్ణించారు. నోటి వద్ద తెల్లని పదార్థం కనిపించడం, ఆహారం ముట్టకపోవడం దీని లక్షణాలు. చికిత్స లేదు కనుక అటువంటి సాలీడును వెంటనే వేరుచేయాలి. కొత్తగా తెచ్చిన సాలీడును కొన్ని వారాలు ఇతర పెట్టెలకు దూరంగా ఉంచి గమనించాలి. ఒకే పటకారును కడగకుండా రెండు పెట్టెలలో వాడరాదు.

మనిషి భద్రత

అమెరికా ఖండాల టరాంటులాలలో అనేకం ఉదరంపై ఉన్న దురద వెంట్రుకలను కాళ్ళతో రాల్చి ఎదుటివారి మీదకు విసురుతాయి. అవి కంటిలో గ్రుచ్చుకుంటే తీవ్ర హాని కలుగుతుంది. పెట్టె శుభ్రపరిచేటప్పుడు కంటి అద్దాలు, చేతి తొడుగులు ధరించాలి. గుత్తి నీలి సాలీడు వంటి ఆసియా జాతులకు ఈ వెంట్రుకలు లేవు. అవి వేగంపైన, విషంపైన ఆధారపడతాయి. పోసిలోథీరియా సాలీళ్ళ కాటు వలన మనుషులు మరణించినట్లు వైద్య గ్రంథాలలో నమోదు కాలేదు. అయినప్పటికీ తీవ్రమైన నొప్పి, వాపు కలుగుతాయి. కొన్ని గంటల తరువాత మొదలయ్యే కండరాల పట్టివేత రోజుల తరబడి బాధించవచ్చు. కాటు వేసిన చోటును సబ్బుతో కడిగి, వైద్యుని సంప్రదించాలి.

అందువలన ఈ సాలీడును చేతిలోకి తీసుకోరాదు. పెట్టెలోని పనులన్నీ పొడవైన పటకారుతో, మెత్తని కుంచెతో చేయాలి. తలుపు తెరిచే ముందు సాలీడు ఎక్కడున్నదో చూడాలి. పారదర్శకమైన డబ్బా, అట్టముక్క అందుబాటులో ఉంచుకోవాలి. బయటకు వచ్చిన సాలీడుపై డబ్బా బోర్లించి, క్రింద నుండి అట్టముక్క జరిపితే సురక్షితంగా పట్టుకోవచ్చు. తలుపుకు తాళం ఉండాలి. చిన్నపిల్లలు, పిల్లులు చేరలేని గదిలో పెట్టెను ఉంచాలి.

నిర్వహణ క్రమం

• ప్రతిదినం: సాలీడు ఉన్న చోటు, నీటి గిన్నె, తలుపు తాళం చూడాలి.
• ఆహారం ఇచ్చిన మరునాడు: తినని కీటకాన్ని, మిగిలిన శకలాలను తీసివేయాలి.
• వారానికి ఒకసారి: గిన్నె కడిగి నీరు మార్చాలి, అడుగు పొర సగ భాగాన్ని తడపాలి.
• నెలకు ఒకసారి: గాలి రంధ్రాలు మూసుకుపోలేదని, బెరడు కదలలేదని, బూజు లేదని నిర్ధారించుకోవాలి.
• కుబుసం విడిచిన ప్రతిసారీ: తేదీ వ్రాసి ఉంచాలి. తరువాతి కుబుసాన్ని అంచనా వేయడానికి అది ఉపకరిస్తుంది.

పరిరక్షణ, చట్టం

పోసిలోథీరియా ప్రజాతి మొత్తాన్ని 2019లో జెనీవాలో జరిగిన సమావేశంలో సైటిస్ ఒప్పందపు రెండవ అనుబంధంలో చేర్చారు. అప్పటి నుండి ఈ సాలీళ్ళను దేశాల మధ్య తరలించేందుకు అనుమతి పత్రాలు అవసరం. 2022లో సవరించబడి, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం సైటిస్ అనుబంధాలలోని జాతులను తన పరిధిలోకి తెచ్చింది. రిజర్వు అడవి నుండి అనుమతి లేకుండా ఏ ప్రాణిని సేకరించడమైనా నేరమే. నల్లమల పరిసరాల నుండి సాలీడును పట్టి తెచ్చి పెంచడం, అమ్మడం ఎంతమాత్రం తగదు. విదేశీ జాతులను పెంచదలచినవారు కూడా ముందుగా అటవీశాఖ వద్ద నిబంధనలు తెలుసుకోవాలి.

అడవి అంచు గ్రామాలలో కట్టెలు కొట్టేటప్పుడు, ఎండిన చెట్లు తొలగించేటప్పుడు తొర్రలలో ఇటువంటి సాలీడు కనిపించవచ్చు. దానిని చంపవలసిన అవసరం లేదు, పట్టుకోవలసిన అవసరమూ లేదు. తనంతట తాను మనిషిపైకి వచ్చే స్వభావం దానికి లేదు. తొర్ర గల ముసలి చెట్టును నిలువనిచ్చినచో సాలీడుతో పాటు గుడ్లగూబలకు, పాలపిట్టలకు కూడా చోటు దొరుకుతుంది. ఎలుకలను, కీటకాలను అదుపులో ఉంచే ఈ పక్షుల వలన పొలానికే మేలు.

ముగింపు

సురక్షితమైన ఆవాసానికి కొలమానం సాలీడు సహజ జీవనమే. పడినా చిట్లని ఎత్తు, కదలని దాగుచోటు, తడి పొడి రెండూ గల మెత్తని అడుగు, అడ్డంగా సాగే గాలి, ఎండ సోకని స్థలం, మందు సోకని ఆహారం, గట్టి తాళం అనే ఏడు అంశాలు కుదిరినప్పుడు టరాంటులా పెట్టెలో పూర్ణాయువు జీవించగలదు. వీటిలో ఖరీదైనది ఏదీ లేదు. గుత్తి నీలి సాలీడు పెట్టెలో పెంపకందారుడు కార్కు బెరడుతో కల్పించేది నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలోని ఒక తొర్రకు నమూనా మాత్రమే. అటువంటి పెట్టెను ఒక్క పూటలో అమర్చవచ్చు. సాలీడుకు తొర్ర ఇవ్వగల చెట్టు ఎదగడానికి మాత్రం అనేక దశాబ్దాలు పడుతుంది. కనుక ఈ జాతి రక్షణ ఆ చెట్లను నిలుపుకోవడంపైనే ఆధారపడి ఉన్నది.